రత్నం గేటు తాళంచెవి

మా బావ వెంకటరత్నం మొలతాడుకి ఒక ఇనప తాళంచెవి వేలాడుతుండేది. స్నానం చేసేటప్పుడు కూడా దాన్ని విప్పేవాడు కాదు. ఒకసారి తెనాలి ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయడానికి విప్పమంటే విప్పి, గుప్పిట్లో పట్టుకునే పడుకున్నాడు. అది బీరువా తాళంచెవి కాదు, ఇంటిదీ కాదు. రేపల్లె లైను మీద, భట్టిప్రోలు దాటాక, పొలాల మధ్య ఉండిన ఒక రైల్వే గేటుది. ఆ గేటు ఇప్పుడు లేదు. నిరుడు భాద్రపదంలో మా బావ కూడా పోయాడు.

ఆ గేటుకి రైల్వే వాళ్ళిచ్చిన నంబరు ఒకటుండేది గాని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ‘రత్నం గేటు’ అనేవాళ్ళు. ముప్పై అయిదేళ్ళు ఆ గేటు దగ్గరే పనిచేశాడు. పొడుగ్గా, ఎండిన తాటిమట్టలా ఉండేవాడు. బండి రాకముందే గేటు వేసేవాడు, బండి పూర్తిగా పోయాక గాని తీసేవాడు కాదు. అటూ ఇటూ ఆగిన ట్రాక్టర్లవాళ్ళూ బైకులవాళ్ళూ ఊరుకుంటారా?

“ఏం బాబాయ్, బండి ఇంకా తెనాల్లో టిఫిన్ చేస్తుంటే నువ్విక్కడ గేటేశావేంటి?”

“టిఫినయిపోయింది. చెయ్యి కడుక్కుంటా ఉంది. నువ్వు ఇంజను ఆపి దిగు, కాళ్ళు సాగుతాయి.”

ఓసారి ఎమ్మార్వో గారి కారు ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, లోపల సారున్నారని గట్టిగానే చెప్పాడు.

“రైల్లో మూడొందల మంది ఉన్నారు” అన్నాడు బావ. “సారుగారు ఒక్కరేగా. ఆయన్నే ఆగమనండి.”

ఇదంతా గేటు దగ్గర మనిషి. ఇంట్లో మనిషికీ ఆయనకీ పెద్ద తేడా ఏమీ లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఛార్జి సంగతి చెప్పాలి.

డ్యూటీ మారేటప్పుడు గేటు మనిషి ఊరికే లేచి వెళ్ళిపోకూడదు. వచ్చినవాడూ వెళ్ళేవాడూ ఎదురెదురుగా నిలబడాలి. ఎర్రజెండాలు, పచ్చజెండా, లాంతరు, ప్రమాదమైతే పట్టాల మీద పెట్టే టపాకాయల డబ్బీ, గొలుసు, ఫోను, అన్నీ ఒక్కొక్కటే చూపించాలి. ఆఖర్న తాళంచెవి చేతిలో పెట్టి “ఇచ్చాను” అనాలి. రెండోవాడు “తీసుకున్నాను” అనాలి. పుస్తకంలో రెండు గడులుంటాయి, ఇద్దరూ సంతకం పెట్టాలి. చాలామంది సంతకాలతో సరిపెట్టేస్తారు. మా బావ అలా చేసేవాడు కాదు. ఎదుటివాడు “తీసుకున్నాను” అనేదాకా తాళంచెవి కొసని రెండు వేళ్ళతో పట్టుకునే ఉండేవాడు.

ఆఖరి పదేళ్ళూ ఆయనతో డ్యూటీ మారింది హెప్సిబా. వాళ్ళ నాన్న కూడా గేటు మనిషే. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఆ అమ్మాయికి వచ్చింది. వచ్చిన కొత్తలో పచ్చజెండా పట్టుకోవడం నేర్పింది మా బావే. ఆమెకి నోరెక్కువ. ఆ నోరంటే బావకి ఇష్టం.

“బాబాయ్, నిన్న ఉన్న జెండాలు ఇవాళ ఎక్కడికి పోతాయి? వాటికేమన్నా కాళ్ళున్నాయా?”

“పోలేదని నీకెట్టా తెలుసు? విప్పి చూడు. ఎలక కొట్టిందేమో.”

“ఎలక కొడితే మీ జెండానే కొడుతుంది. పప్పు వాసనొస్తంది.”

నవ్వేది గాని విప్పి చూసేది. “తీసుకున్నాను బాబాయ్” అనేది. అప్పుడు సైకిలెక్కేవాడు.

ఇంట్లోనూ అంతే. మా అక్క స్వర్ణలత బజారుకి వెళ్ళి వస్తే గుమ్మంలోనే నిలబెట్టేవాడు. “గ్యాసు కట్టేసుంది. పెరటి తలుపు గడియ పెట్టుంది. పాలు చల్లారుతున్నాయి, పిల్లి ఒకసారి వచ్చి చూసి పోయింది. ఇచ్చాను.” అక్క చెప్పులు విప్పకుండానే “తీసుకున్నాను మహానుభావా” అనాలి. అన్నాక గాని ఆయన గుమ్మం దిగేవాడు కాదు. కొత్తలో ఇంటికొచ్చిన చుట్టాలు వింతగా చూసేవాళ్ళు. తర్వాత వాళ్ళకీ అలవాటైంది. నేను బాపట్ల నుంచి వెళ్ళి రెండు రోజులుండి బయల్దేరేటప్పుడు “బావా, మా అక్కయ్య గారిని మీకు అప్పజెప్పి వెళ్తున్నాను, ఇచ్చాను” అని ఏడిపించేవాణ్ణి.

“మీ అక్కయ్యని ముప్పై ఏళ్ళ కిందటే తీసుకున్నాన్రా బామ్మర్దీ. అప్పుడు సరిగా చెక్ చేసుకోలేదు” అనేవాడు.

“ఆ, చెక్ చేసుకునుంటే ఏం దొరికేదో” అని వంటింట్లోంచి వినపడేది.

ఇంతకీ ఆ తాళంచెవి. ఆయన రిటైరయ్యే రోజునే గేటునీ ఎత్తేశారు. పట్టాల కింద నుంచి రోడ్డు తవ్వారు, వాహనాలన్నీ అటు పోతున్నాయి, ఇక గేటుతో పనిలేదు. హెప్సిబాని నెల ముందే బాపట్ల దగ్గర మెయిన్ లైను గేటుకి మార్చారు. ఆ సాయంత్రం ఆరింటికి మా బావ యూనిఫాం వేసుకుని, జెండాలు చుట్టి, అన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని నిలబడ్డాడు. ట్రాలీ మీద మనుషులు వచ్చారు. గేటు కర్రలు విప్పారు, ఫోను పీకారు, సామానంతా ఎక్కించారు. పుస్తకంలో ఇచ్చినవారి గడిలో బావ సంతకం పెట్టాడు. పక్క గడి ఖాళీ. తీసుకోవడానికి గేటుంటేగా, మనిషుండేది? ఎవరి తప్పూ లేదు. పుస్తకం కూడా ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి స్నానానికి పంచె విప్పితే మొలతాడుకి తాళంచెవి కనపడింది. రోజంతా అక్కడే ఉంది. అందరికీ అన్నీ నేర్పిన మనిషి అదొక్కటి ఇవ్వడం మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. అక్కడి పెద్దాయన మంచివాడే, టీ తెప్పించాడు. “గేటే లేదు కదయ్యా వెంకటరత్నం, ఇంక తాళంచెవి నేనేం చేసుకోను? గుర్తుగా ఉంచుకో” అన్నాడు.

“గుర్తుగా ఉంచుకోడానికి ఇదేమన్నా తాజ్‌మహల్ బొమ్మా?” అని ఇంటికొచ్చి అక్క దగ్గర విసుక్కున్నాడు. “నా డ్యూటీ దిగలేదే స్వర్ణా. నన్నెవరూ దింపలేదు.”

మేమంతా నవ్వాం. నవ్వే మాటే అనుకున్నాం. కాని నాలుగేళ్ళపాటు ఆయన ఒక్క రాత్రి కూడా ఊరు విడిచి ఉండలేదు. బండి వచ్చే వేళకి సైకిలేసుకుని వెళ్ళి, గేటుండిన చోట తూము మీద కూర్చునేవాడు. కింద రోడ్డు మీద పోయే వాళ్ళు తలెత్తి “ఏం బాబాయ్, గేటెక్కడ?” అనేవాళ్ళు. బండి వెళ్ళిపోయాక ఇంటికి వచ్చేవాడు. పెళ్ళికి పిలిస్తే అక్క ఒక్కతే వచ్చేది. నా షష్టిపూర్తికి కూడా మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం బండి వేళకి వెళ్ళిపోయాడు. రిటైరైన రైల్వే మనిషికీ భార్యకీ ఏటా వచ్చే ఉచిత పాసు ఏటా అలాగే మురిగిపోయేది.

“రైల్వే వాడి పెళ్ళాన్నిరా నేను” అనేది అక్క నాతో. “జన్మంతా రైళ్ళకి చెయ్యూపడమే గాని ఎక్కింది లేదు. తిరపతి ఒక్కటి చూశా. అదీ మొక్కు కాబట్టి.”

తమాషాగా మొదలైన మాట ఆమె గొంతులో తమాషాగా ముగియడం లేదని నాకు అప్పుడే తెలిసింది.

నాలుగో ఏడు కార్తీకంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఫోన్లో ఒక వీడియో చూపించాను. బావని ఏడిపిద్దామనే.

“చూడు బావా, నీలాంటివాళ్ళు ఢిల్లీలో కూడా ఉన్నారు.”

“ఏంటిది?”

“రాష్ట్రపతి భవన్. అక్కడ కాపలా సైనికులు డ్యూటీ మారడం ఒక వేడుకలా చేస్తారు. గుర్రాలు, బ్యాండు మేళం. శనివారం జనాన్ని కూడా రానిస్తారు చూడ్డానికి.”

కళ్ళజోడు లేకుండా చూశాడు. కళ్ళజోడు తెచ్చుకుని చూశాడు. “మళ్ళీ పెట్టు” అన్నాడు. నాలుగుసార్లు పెట్టించాడు.

“ఒరేయ్, పాతవాడు ముందు కదిలాడా? కొత్తవాడు వచ్చి నిలబడ్డాక కదిలాడా?”

“నాకేం తెలుసు బావా, ఫోన్లో చీమల్లా ఉన్నారు.”

“అది చూడాలి.”

“అది చూడాలంటే ఢిల్లీ వెళ్ళాలి” అంది అక్క వంటింట్లోంచి, ఊరికే.

“వెళ్దాం” అన్నాడు బావ.

అక్క గరిటె పట్టుకునే బయటకొచ్చింది. “ఏమన్నారు? ఏదీ, ఇంకోసారి అనండి. తమ్ముడూ, నువ్వు సాక్ష్యం.”

ఆ పూటే హెప్సిబాకి ఫోన్ చేశాడు. వారం రోజులు ఊళ్ళో ఉండనని చెప్పడానికి. “వెళ్ళి రండి బాబాయ్, మీరు చూడకపోతే రైళ్ళేమీ పడిపోవు” అందట ఆ అమ్మాయి. “అట్టాగని నీకెవరు రాసిచ్చారు?” అన్నాడట ఈయన.

పాసు మీద వాళ్ళిద్దరూ, టికెట్టు మీద నేనూ, మాఘమాసంలో బాపట్లలో రైలెక్కాం. అంత దూరం రైల్లో మా బావ చేసిన పని ఒక్కటే. కిటికీ దగ్గర కూర్చుని గేట్లు చూశాడు. వరంగల్ దాటినా, బల్లార్షా దాటినా, గేటు కనపడగానే “మూసుంది. మనిషి నిలబడ్డాడు” అనేవాడు. నాగపూర్ అవతల ఎక్కడో ఒక గేటు దగ్గర ఒక ముసలాయన తలకి గుడ్డ చుట్టుకుని పచ్చజెండా పట్టుకుని కనపడ్డాడు. బావ కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టాడు. అతను చూశాడో లేదో. “దేశమంతా ఉన్నార్రా మనవాళ్ళు” అన్నాడు, ఆ మాట అప్పుడే ఎవరో చెప్పినట్టు.

శనివారం పొద్దున ఢిల్లీలో చలి చెప్పలేం. అక్క ఆయనకి కోతి టోపీ పెట్టి, పైన పచ్చ మఫ్లరు చుట్టింది. లోపలికి వెళ్ళే చోట ఆధార్ కార్డులు చూశారు, నేను ముందే తీయించుకొచ్చిన కాగితం చూశారు. తర్వాత లోహాన్ని పట్టే గుమ్మం. నేను వెళ్ళాను, అక్క వెళ్ళింది. బావ వెళ్ళగానే అది కుయ్యిమంది.

జేబులు చూశారు. ఏమీ లేవు. మళ్ళీ వెళ్ళమన్నారు. మళ్ళీ కుయ్యిమంది. పోలీసతను చేతిలో కర్రలాంటిది నడుం దగ్గర పెడితే అది ఏడుపు లంకించుకుంది.

“ఏంటండీ అది?” అంది అక్క. అప్పటికే తెలిసిపోయింది ఆమెకి. “అయ్యో రామ, ఇక్కడిక్కూడా తెచ్చారా?”

బావ స్వెట్టరెత్తి, చొక్కా ఎత్తి, మొలతాడు పైకి లాగి చూపించాడు. వెనకాల వరసలో ఉన్న ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. పోలీసతను నవ్వాపుకుంటూ అడిగాడు, “యే క్యా హై?”

“చాబీ. రైల్వే గేట్.”

“గేట్ కహా హై?”

“గేట్ నహీ హై” అన్నాడు బావ, తనకొచ్చిన హిందీ అంతా కూడదీసుకుని. “చాబీ హై.”

గేటు లేనప్పుడు తాళంచెవెందుకని అతను అడిగాడు. నాలుగేళ్ళుగా మేమంతా అడుగుతున్నదే. పక్కన కౌంటర్లో పెట్టి వెళ్ళండి, తిరిగొచ్చి తీసుకోండి అని అతను చెయ్యి చాపాడు. బావ తాళంచెవి గుప్పిట్లో బిగించాడు.

“అడగరా. తీసుకున్నానని సంతకం పెడతాడేమో అడుగు.”

“బావా, నీకు దణ్ణం పెడతా.”

“ఇటివ్వండి, నేను తీసుకుంటా. బయట నిలబడతా, మీరెళ్ళి చూసి రండి” అంది అక్క.

“నువ్వెట్టా తీసుకుంటావే? పరీక్ష పాసై, గేటు చూడగలదని సర్టిఫికెట్టున్న మనిషే తీసుకోవాలి.”

“ముప్పై అయిదేళ్ళు మిమ్మల్ని చూశానండీ. నాకన్నా సర్టిఫికెట్టు ఎవరికుంది?”

వరస ఆగిపోయింది. లోపల బ్యాండు సరిచూసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. ఇంత దూరం వచ్చి ఇక్కడి నుంచే తిరిగి వెళ్ళిపోతాడని నాకు భయం వేసింది. వెళ్ళిపోయేవాడే. ఈలోగా తెల్ల మీసాల పెద్ద ఆఫీసరొకాయన వచ్చాడు. తాళంచెవి విప్పించి, ట్రేలో పెట్టించి, మిషనులో పంపించి, తీసి అరచేతిలో తూచి చూశాడు. అరిగి నున్నగా అయిపోయిన ఇనుము. ఎన్నేళ్ళు చేశావన్నాడు. “పైంతీస్ సాల్” అన్నాడు బావ. ఆఫీసరు దాన్ని ఇచ్చేశాడు. కుడిచేత్తో ఇచ్చాడు, ఎడంచెయ్యి దాని కింద పెట్టి. బావ “తీసుకున్నాను” అన్నాడు తెలుగులో.

లోపల ఎర్రరాతి చప్టా, దాని వెనక కొండలా ఆ భవనం. మాకు పక్కవరసలో కుర్చీలు దొరికాయి. ముందు గుర్రాలు వచ్చాయి. ఒక్కో గుర్రం మా అక్క కంటే జానెడు ఎత్తు. మీద తలపాగాలు, ఎర్రకోట్లు, చేతిలో బల్లేలు. ఆ డెక్కల చప్పుడు, రైలు దూరాన వంతెన ఎక్కినప్పుడు వచ్చే చప్పుడులా ఉందని నేననుకుంటున్నాను. తల తిప్పి చూస్తే బావ కుర్చీలో లేడు. లేచి నిటారుగా నిలబడ్డాడు. మెడలోంచి పచ్చ మఫ్లరు తీసి, కుడిచెయ్యి పక్కకి చాపి పట్టుకున్నాడు. రత్నం గేటు దగ్గర బండి పోతుంటే ఎలా నిలబడేవాడో అలా. చివరి గుర్రం దాటిపోయేదాకా చెయ్యి దించలేదు.

“కూర్చోండీ! నలుగురూ చూస్తున్నారు” అని అక్క చొక్కా పట్టుకు లాగుతోంది. అక్కడి సిబ్బంది ఒకతను వచ్చి “బైఠియే, అంకుల్” అన్నాడు. అప్పటిగ్గాని ఆయనకి తాను ఏం చేశాడో తెలియలేదు. మఫ్లరు చూసుకున్నాడు. సిగ్గుపడి కూర్చున్నాడు. “అన్నీ బాగానే ఉన్నాయిలే. అందుకే పచ్చ చూపించా” అని గొణిగాడు. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అంతగా నవ్వడం నేను చాలా ఏళ్ళకి చూశాను.

తర్వాత కొత్త దళం వచ్చింది. పాతదళం ఎదురు నిలబడింది. కాపలా స్థానంలో ఉన్న సైనికుడి దగ్గరకి కొత్తవాడు నడిచి వెళ్ళాడు. బావ ముందుకి వంగాడు. నా మోచెయ్యి పట్టుకున్నాడు. కొత్తవాడు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఒక్క క్షణం ఎదురెదురుగా ఉన్నారు. అప్పుడు, ఆ తర్వాతే, పాతవాడు కాలు కదిపాడు.

“చూశావా?” అన్నాడు బావ. నా మోచెయ్యి వదల్లేదు. “చూశావా?”

మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోజనానికి కూర్చున్నాం. పప్పు, గోంగూర, మనూరి వాసన. పెరుగు దాకా వచ్చాక బావ అడిగాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, ఆ భవనం తలుపు ఒక్కసారన్నా తెరిచారా?”

“లేదు.”

“మూశారా? తాళం లాగి చూశారా?”

“లేదు బావా.”

“మరి వాళ్ళిద్దరూ ఇచ్చిపుచ్చుకున్నది ఏంటి?”

జవాబు కూడా తనే చెప్పాడు.

“మనిషి ఎదుట మనిషి నిలబడ్డాడు. అంతే. వీడి బరువు వాడు తీసుకున్నాడు. నేనేమో నాలుగేళ్ళ నుంచీ, గేటే లేదు, ఎక్కడ నిలబడి ఇవ్వాలీ అని కూర్చున్నా. గేటు అవసరం లేదురా. తీసుకునే మనిషుంటే చాలు.” విస్తరి వైపు చూశాడు. “ఇంకొంచెం పెరుగు వెయ్యమను.”

అక్క ఆయన వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. పెరుగు వేసే అతన్ని తనే పిలిచింది.

మంగళవారం మధ్యాహ్నం బాపట్లలో దిగాం. మా ఇంటికెళ్ళి స్నానాలు చేద్దామని అక్క. హెప్సిబా రెండింటికే డ్యూటీ ఎక్కుంటుందని బావ. సామాను ఆటోలో ఉండగానే, ఆ ఆటోలోనే గేటుకి వెళ్ళాం. రెండు రోజుల రైలు దుమ్ము మొహాల మీద అలాగే ఉంది.

మేం వెళ్ళేసరికి గేటు వేసుంది. వేటపాలెం జీడిపప్పు డబ్బాలతో ఒక మినీ లారీ, రెండు ఆటోలు, బోలెడు బైకులు ఆగి ఉన్నాయి. మెయిన్ లైను, బండి వెంట బండి. హెప్సిబా పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉంది. రైలు దడదడమని వెళ్ళిపోతోంది. మా బావ ఆమెకి నాలుగడుగుల వెనక వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి చెయ్యి చాపలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. డ్యూటీ ఆమెది.

గేటు తీసి, ఫోన్లో చెప్పాల్సింది చెప్పి, అప్పుడు తిరిగి చూసింది.

“బాబాయ్! ఇదేంటి, మసిబొగ్గులా ఉన్నారు! పిన్నీ, బాగున్నారా? ఢిల్లీ నుంచి నాకేం తెచ్చారు?”

“తాళంచెవి” అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె నవ్వు ఆగింది. ఆ తాళంచెవిని ఆమె పదేళ్ళు రోజూ పుచ్చుకుంది, రోజూ ఇచ్చింది. ఆయన చొక్కా కాస్త ఎత్తి చూపించగానే పోల్చుకుంది.

“ఇంకో బండి ఎప్పుడమ్మా?”

“పద్దెనిమిది నిమిషాలుంది బాబాయ్.”

“చాలు.”

ఆమె లోపలికెళ్ళి చేతులు కడుక్కుంది. చీర మీద వేసుకున్న యూనిఫాం కోటు బొత్తాలు పెట్టుకుంది. వచ్చి ఎదురుగా నిలబడింది. బావ మొలతాడు నుంచి తాళంచెవి విప్పుతున్నాడు. ఢిల్లీలో మళ్ళీ కట్టుకున్న ముడి, చెమటకి బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగినా రావడం లేదు. అక్క వెళ్ళి, పళ్ళతో కొరికి విప్పింది.

“ఎర్రజెండాలు రెండు” అన్నాడు బావ.

హెప్సిబా ఒక్క క్షణం ఆగింది. అక్కడున్నవి తన గేటు జెండాలు. రత్నం గేటు జెండాలు ఎప్పుడో ట్రాలీ ఎక్కి పోయాయి. కాని తన గదిలోకి వెళ్ళి, తన ఎర్రజెండాలు తెచ్చి, విప్పి చూపించింది. “ఉన్నాయి బాబాయ్. ఎలక కొట్టలేదు.”

“పచ్చజెండా.”

“ఉంది.”

“లాంతరు.”

ఫోను మోగింది. ఆమె పరుగెత్తింది. బండి అనుకున్నదాని కంటే ముందొస్తోందట. గేటు వేసింది, జెండా పట్టింది, బండి పోయింది, గేటు తీసింది. అంతసేపూ బావ ఎక్కడ నిలబడ్డవాడు అక్కడే ఉన్నాడు, తాళంచెవి పట్టుకుని. ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. అక్క వెళ్ళి అతనికేదో చెప్పింది. అతను ఇంజను ఆపేసి దిగి వచ్చి తనూ చూస్తూ నిలబడ్డాడు.

ఆమె ఆయాసంతో తిరిగొచ్చింది. “లాంతరు. ఉంది బాబాయ్.”

అన్నీ అయ్యాయి. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. కొస వదల్లేదు.

“ఇచ్చాను” అన్నాడు.

“తీసుకున్నాను బాబాయ్.”

రెండు వేళ్ళూ వదిలాడు.

సంతకం కావాలన్నాడు. పుస్తకం లేదు. నా దగ్గర రాష్ట్రపతి భవన్ ప్రవేశ కాగితం ఉంది. దాని వెనక ఆయనే గీతలు గీశాడు, రెండు గడులు. ఇద్దరూ పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. తాళంచెవిని హెప్సిబా తన బైబిలుకున్న జిప్పు కవర్లో వేసుకుంది. “ఇంక మీరెళ్ళండి బాబాయ్” అంది. ఆటోలో కూర్చున్నాక మా ఇల్లు వచ్చేదాకా ఆయన అక్క భుజం మీద తలపెట్టి నిద్రపోయాడు. అక్క అర్ధగంట ఆటోని మా గుమ్మం ముందే ఆపించింది, లేపడం ఇష్టం లేక.

ఆ తర్వాత తూము దగ్గరకి వెళ్ళలేదు. మరుసటి ఏడు పాసు మీద ఇద్దరూ కాశీ వెళ్ళారు. అక్కడ గంగ కంటే గంగ మీద వంతెన మీద పోయే రైళ్ళనే ఎక్కువ చూశాడని అక్క ఫిర్యాదు. ఫిర్యాదు చేసేటప్పుడు ఆమె మొహం చూడాలి.

నిరుడు భాద్రపదంలో ఒకరోజు భోజనం చేసి, పడక్కుర్చీలో కూర్చుని, అలాగే పోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి చుట్టాలంతా వచ్చారు. అన్నీ సిద్ధమయ్యాయి. అక్క కదలనివ్వలేదు.

“హెప్సిబా రావాలి.”

“ఎవరమ్మా ఆవిడ? పొద్దు వాలుతోంది, ఇంకెంతసేపు?” అన్నారు పెద్దవాళ్ళు.

“రావాలి” అంది అక్క. అంతే.

మూడింటికి వచ్చింది. రేపల్లె దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. యూనిఫాం కోటు కూడా విప్పలేదు. గుమ్మంలోనే ఏడుస్తూ అక్కని పట్టుకుంది.

“ఆలస్యమైంది పిన్నీ. ఎవరన్నా వస్తే గాని...”

“ఛార్జి ఇచ్చే వచ్చావుగా?” అంది అక్క.

“ఇచ్చే వచ్చాను పిన్నీ.”

అక్క కళ్ళు తుడుచుకుంది. మా వైపు తిరిగింది.

“ఇంక లేపండి” అంది.